అంకె వేరు, ఆయుష్షు వేరు

ఊపిరితిత్తి దెబ్బతినడానికి దారులు చాలా. న్యుమోనియా, రక్తంలోకి పాకిన ఇన్‌ఫెక్షన్, నీళ్లలో మునగడం, విషవాయువు, ప్రమాదంలో నలిగిన ఛాతీ, గడ్డిమందు. ఏ దారిన వచ్చినా చివరకు జరిగేది ఒకటే. గాలికీ రక్తానికీ మధ్య మైక్రాన్ మందం కూడా లేని పొర చెడిపోతుంది. సుమారు 48 కోట్ల వాయుకోశాల్లో చాలావాటిలోకి నీరు, ప్రొటీన్లు దిగుతాయి. ఎక్స్‌రేలో నల్లగా కనబడాల్సిన చోటంతా తెల్లబడిపోతుంది. 1967లో డెన్వర్ వైద్యులు ఆష్‌బా, పెటీ, వాళ్ల సహచరులు 12 మంది రోగుల గురించి లాన్సెట్ వైద్యపత్రికలో రాశారు. ఆ పన్నెండు మందిలో ఏడుగురు చనిపోయారు. ఇవాళ మనం ఏఆర్‌డీఎస్ అంటున్న జబ్బుకు వైద్యలోకంలో గుర్తింపు వచ్చింది ఆ వ్యాసంతోనే.

పగలు వార్డులో, పొద్దుపోయాక లాబొరేటరీలో, నా ఉద్యోగ జీవితమంతా ఈ జబ్బు వెంటే గడిచింది. ఈ రంగంలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడిగేదెప్పుడూ ఏం సాధించారనే. మా తరానికి బుద్ధి చెప్పింది మాత్రం మా పొరపాట్లే. వాటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

1. ప్రాణం నిలిపే యంత్రం ప్రాణం తీయనూ గలదు.

మేం పీజీ చేసే రోజుల్లో వెంటిలేటర్ మీదున్న రోగికి ఒక్కో శ్వాసకు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీలీటర్ల గాలి పంపడం ఆనవాయితీ. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఊరికే కూర్చున్నప్పుడు పీల్చేది కిలోకు ఆరేడు మిల్లీలీటర్లు. జబ్బుపడ్డ ఊపిరితిత్తికి దాదాపు రెట్టింపు ఎందుకని మాలో ఎవరం అడగలేదు. అలా పంపితే రక్తంలో ఆక్సిజన్ పెరిగేది, కార్బన్ డయాక్సైడ్ దిగేది. రిపోర్టు చూసుకుని నిశ్చింతగా ఇళ్లకు వెళ్లేవాళ్లం.

హెచ్చరిక ఎప్పుడో వచ్చింది. 1974లో వెబ్, టియర్నీ అనే ఇద్దరు పరిశోధకులు ఎలుకల ఊపిరితిత్తుల్లోకి ఎక్కువ ఒత్తిడితో గాలి పంపి చూశారు. ఏ జబ్బూ లేని ఎలుకలు గంట తిరక్కుండానే ఊపిరితిత్తుల్లో నీరు నిండి చచ్చిపోయాయి. గాలి వదిలాక కూడా లోపల కొంత ఒత్తిడి నిలిపి ఉంచిన ఎలుకలకు ఆ ముప్పు చాలామటుకు తప్పింది. తర్వాత 1980లలో ఇటలీలో గాటినోనీ బృందం ఏఆర్‌డీఎస్ రోగులకు సీటీ స్కాన్ తీసింది. ఊపిరితిత్తి మొత్తం గట్టిపడిపోవడం లేదని అందులో తేలింది. వెల్లకిలా పడుకున్న రోగికి వీపు వైపు భాగం మూసుకుపోతుంది. గాలి వెళ్లగలిగే చోటు ముందువైపు కాస్తే మిగులుతుంది, ఐదారేళ్ల పిల్లవాడి ఊపిరితిత్తి అంత. గాటినోనీ దాన్ని ‘పసి ఊపిరితిత్తి’ అన్నారు. పెద్దమనిషికని లెక్కగట్టిన గాలినంతా మేం ఆ కాస్త చోటులోకి తోస్తున్నాం. బాగున్న వాయుకోశాలు కూడా ఆ సాగుడుకు పాడైపోయేవి.

అమెరికాలో 861 మంది రోగులతో జరిగిన పరీక్ష ఫలితం 2000లో వెలువడింది. కిలోకు 12 మిల్లీలీటర్ల లెక్కన గాలి అందినవాళ్లలో 39.8 శాతం మంది చనిపోతే, 6 మిల్లీలీటర్ల లెక్కన అందినవాళ్లలో 31 శాతం మంది చనిపోయారు. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. ఉన్న యంత్రం మీద ఒక అంకె తగ్గించారు, అంతే. పదకొండు మందికి అలా చేస్తే అదనంగా ఒక ప్రాణం దక్కుతుంది.

1974కూ 2000కూ మధ్య 26 ఏళ్లున్నాయి. ఆ వ్యవధిలో ప్రపంచమంతటా వార్డుల్లో పోయినవాళ్లలో ఎందరిని జబ్బు తీసుకెళ్లిందో, ఎందరిని మేం పంపిన గాలి తీసుకెళ్లిందో విడదీసి చెప్పడం ఎవరివల్లా కాదు. ఆ సంగతి తలచుకోని రోజు నాకు లేదు.

2. అంకె వేరు, ఆయుష్షు వేరు.

2000 నాటి ఆ పరీక్షలోనే ఇంకో విషయం ఉంది. దాన్ని చాలామంది చదివి వదిలేస్తారు. మొదటి రెండు మూడు రోజులు రక్తంలో ఆక్సిజన్ మెరుగ్గా కనబడింది ఎక్కువ గాలి అందినవాళ్లలోనే. అంటే ఎక్కువమంది చనిపోయిన గుంపులోనే రిపోర్టులు బాగున్నాయి. నైట్రిక్ ఆక్సైడ్ వాయువుదీ ఇదే కథ. పీల్పిస్తే ఆక్సిజన్ పెరుగుతుంది, బతికేవాళ్ల సంఖ్య మాత్రం పెరగదు.

నా మనసుకు దగ్గరైన పరిశోధన వాయుకోశాల్లో చేరిన నీటిని బయటకు తోడటం గురించి. శాన్‌ఫ్రాన్సిస్కోలో మైకేల్ మాథే 1980ల తొలినాళ్లలో గొర్రెల మీద మొదలుపెట్టిన పని అది. వాయుకోశం గోడలోని కణాలు సోడియాన్ని లోపలికి తీసుకుని అవతలికి పంపుతాయి, నీరు దాని వెంట వెళ్తుంది. ఉబ్బసానికి వాడే సాల్‌బ్యుటమాల్ జాతి మందులు ఈ పనిని వేగిరపరుస్తాయి. వేర్, మాథే 79 మంది రోగుల్లో కొలిచి 2001లో రాసిన ప్రకారం సగానికి పైగా మందిలో నీరు తోడే శక్తి దెబ్బతిని ఉంది. ఆ శక్తి బాగా నిలిచినవాళ్లే ఎక్కువగా బతికారు. ఇంతకంటే తిన్నని తర్కం ఉంటుందా? మేం కూడా జంతువు నుంచి వేరుచేసిన ఊపిరితిత్తిని గాజుపాత్రలో వేలాడదీసి, మందు కలిపి, గంటగంటకూ బరువు చూసేవాళ్లం. బరువు తగ్గుతుంటే లాబొరేటరీలో ఎవరికీ ఇంటికి వెళ్లబుద్ధయ్యేది కాదు. ఇంగ్లండ్‌లో 40 మంది రోగులతో జరిగి 2006లో ఫలితం వెలువడిన చిన్న పరీక్షలోనూ మందు అందినవాళ్ల ఊపిరితిత్తుల్లో నీరు తగ్గింది. ఇక తలుపులు తెరుచుకున్నట్టేనని నమ్మాం.

అమెరికాలో మందును పీల్పించిన పరీక్ష లాభం లేదని మధ్యలో ఆగిపోయింది, దాని ఫలితం 2011లో వెలువడింది. బ్రిటన్‌లో నరంలోకి ఎక్కించిన పరీక్ష, హాని జరుగుతోందని ఆగింది, దాని ఫలితం 2012లో వచ్చింది. మందు అందినవాళ్లలో 34 శాతం, అందనివాళ్లలో 23 శాతం మరణాలు. మందుకు గుండె పరుగు తీసింది, లయ తప్పింది, రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరిగింది. మేం గాజుపాత్రలో వేలాడదీసిన ఊపిరితిత్తికి గుండె లేదు, కాలేయం లేదు. అడిగినదానికి అది నిజమే చెప్పింది, మేం అడిగింది చాలలేదు. ఆ వ్యాసం చదివిన రాత్రి నాకు దిగులు కలిగింది గానీ, పరీక్ష చేసినవాళ్ల మీద గౌరవం రెట్టింపైంది. అది చేయకుండా ఉంటే మేం ఆ మందును ఇప్పటికీ నమ్మకంగా ఎక్కిస్తూ ఉండేవాళ్లం.

3. తేలిన నిజం దానంతటది మంచం దాకా నడిచి రాదు.

ఊపిరితిత్తి పరిమాణం ఎత్తును బట్టి ఉంటుంది, ఒంటి బరువును బట్టి కాదు. మనిషి లావెక్కినా ఊపిరితిత్తి పెరగదు. అందుకే వెంటిలేటర్ మీద పెట్టేముందు ఎత్తు కొలిచి, దాన్నిబట్టి ఉండాల్సిన బరువు లెక్కగట్టాలి. ఆడవాళ్లకైతే 45.5కు, మగవాళ్లకైతే 50కి, ఎత్తు 152.4 సెంటీమీటర్లు దాటిన ప్రతి సెంటీమీటరుకూ 0.91 కలపాలి, తక్కువైతే తీసేయాలి. మన ఊళ్లలో 150 సెంటీమీటర్ల ఎత్తున్న ఆడమనిషిని ఊహించుకోండి. ఆమెకు లెక్కకొచ్చే బరువు 43 కిలోలు. కిలోకు 6 చొప్పున శ్వాసకు 260 మిల్లీలీటర్లు చాలు. రాత్రి డ్యూటీలో అలవాటుగా వినబడే మాట మాత్రం ‘ఐదొందలు పెట్టు’. ఐదొందలంటే ఆమెకు కిలోకు పదకొండున్నర. 2000లో ఎక్కువమంది చనిపోయిన గుంపులోకి ఆమెను మనమే చేర్చినట్టు.

నేను పనిచేసిన ఐసీయూలో ఒక హెడ్ సిస్టరు దర్జీలు వాడే టేపు తెచ్చి మందుల ట్రాలీకి కట్టేశారు. మత్తులో ఉన్న రోగి తలకింద దిండు తీసి, మోకాళ్లు చాపి, మడమ నుంచి నడినెత్తి దాకా ఇద్దరు పట్టుకుని కొలిచేవాళ్లు. ఎత్తు, లెక్కగట్టిన బరువు, ఇవ్వాల్సిన గాలి కేస్ షీటు మొదటి పేజీలో ఎర్ర సిరాతో పడేవి. ఆ మూడు అంకెలు లేకుండా రౌండ్సు మొదలుపెట్టడానికి ఆవిడ ఒప్పుకునేవారు కాదు, ఎంత పెద్ద డాక్టరైనా సరే. నేను రాసిన వ్యాసాలన్నీ ఒకవైపు పెట్టి, ఆ టేపు ఇంకోవైపు పెడితే ప్రాణాలు ఎక్కువ కాపాడింది టేపే.

2016లో 50 దేశాల్లోని 459 ఐసీయూలను పరిశీలించిన లంగ్ సేఫ్ అధ్యయనం వచ్చింది. జబ్బు తేలికగా ఉన్నప్పుడు సుమారు సగం మందిలోనే వైద్యులు దాన్ని గుర్తుపట్టారు. జబ్బు బాగా ముదిరిన రోగుల్లో కూడా ఐదుగురిలో ఒకరిని గుర్తుపట్టలేదు. గుర్తే పట్టనివాళ్లకు సరైన శ్వాస ఎవరు లెక్కగడతారు?

4. విఫలమైన పరీక్షను పాతిపెట్టే ముందు అది ఏం అడిగిందో చూడాలి.

రోగిని బోర్లా పడుకోబెడితే వీపు వైపు మూసుకుపోయిన భాగం తెరుచుకుంటుంది. అలా పడుకోబెడితే ఆక్సిజన్ పెరుగుతుందని 1970ల నుంచే తెలుసు. 2001లో ఫలితం వెలువడిన ఇటలీ పెద్ద పరీక్షలో అదనంగా ప్రాణాలు దక్కలేదు. చాలామందిమి ఆ పద్ధతిని వదిలేశాం. అక్కడ రోగులను బోర్లా ఉంచింది రోజుకు ఏడు గంటలే. పైగా గాలి కూడా ఎక్కువే పంపుతున్న రోజులవి. 2013లో ఫలితం ప్రకటించిన ఫ్రాన్స్‌లోని గెరాన్ బృందం జబ్బు బాగా ముదిరిన 466 మంది రోగులను ఎంచుకుంది, గాలి తగ్గించింది, విడతకు కనీసం 16 గంటలు బోర్లా ఉంచింది. 28 రోజుల్లో మరణాలు 32.8 శాతం నుంచి 16 శాతానికి దిగాయి. మధ్యలో పన్నెండేళ్లు పోయాయి.

ఈ వైద్యం చేసేది నర్సులు, వార్డుబాయిలు. డాక్టరు పక్కన నిలబడి చూస్తే అయ్యే పని కాదిది. తల దగ్గరున్నవాళ్లు నోట్లో గొట్టాన్ని వేళ్లతో బిగించి పట్టుకుని లెక్క పెడతారు. మిగతావాళ్లు ఆ లెక్కకు ఒకేసారి తిప్పుతారు. కళ్లు మూసి టేపు వేయాలి, ఛాతీ మీది ఈసీజీ తీగలు వీపు మీదికి మార్చాలి, రెండు గంటలకోసారి మొహం పక్కకు తిప్పాలి, లేకపోతే బుగ్గ పుండు పడుతుంది. 2020లో కోవిడ్ వచ్చేనాటికి ఈ పని చేతికి అలవాటైన జట్లున్న వార్డులకూ, పుస్తకంలో చదివిన వార్డులకూ తేడా కళ్లారా చూశాను.

5. మందు మంచిదే, వేళ తప్పితే అదే చేటు.

స్టెరాయిడ్ల గురించి మేం నలభై ఏళ్లు వాదించుకున్నాం. 1980లలో భారీ డోసులిచ్చి చూస్తే లాభం లేదు. 2006లో అమెరికా పరీక్షలో, జబ్బు మొదలైన రెండు వారాలు దాటాక ఇస్తే మరణాలు పెరిగాయి. ఒక్కో వైద్యుడిదీ ఒక్కో నమ్మకం. ప్రతివాళ్లకూ తమ నమ్మకానికి సరిపడా ఒక రోగి గుర్తుండేవాడు.

2020లో బ్రిటన్‌లో రికవరీ పరీక్ష ఆ తగాదాను కోవిడ్ మట్టుకు తీర్చేసింది. పదేపది రోజులు, రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్. మన మందుల దుకాణంలో కొద్ది రూపాయలకు దొరికేది. వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలు 41.4 శాతం నుంచి 29.3కు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం ఏ మేలూ చేయలేదు. వాళ్లలో మరణాలు కాస్త ఎక్కువే ఉన్నాయి కూడా. ఫలితంలోని మొదటి సగం ఊరూరా పాకింది. రెండో సగం పాకలేదు. 2021 రెండో అలలో జ్వరం తగిలిన మొదటి రోజునుంచే ఫోన్లో వచ్చిన చీటీ చూసి స్టెరాయిడ్ మింగినవాళ్లు మన పట్నాల్లో, పల్లెల్లో ఎందరో. షుగరు అదుపు తప్పి, ముక్కులో కంట్లో బ్లాక్ ఫంగస్ పట్టి వచ్చినవాళ్ల మొహాలు నాకింకా గుర్తే. ‘ఎప్పుడు ఇవ్వకూడదు’ అన్నది కూడా అంతే గట్టిగా, తెలుగులో, టీవీల్లో చెప్పాల్సిన బాధ్యత మాది. చెప్పాం, నీరసంగా చెప్పాం.

6. దగ్గులన్నీ చెవికి ఒక్కలాగే వినబడతాయి.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ శానటోరియంలో ఫ్రిమాట్ మోలర్, బార్టన్ అనే వైద్యులు 1940లో ఒక విషయం రాశారు. క్షయ అని పంపిన కొందరిలో క్షయ క్రిములు లేవు. రక్తంలో ఇయోసినోఫిల్ కణాలు మాత్రం విపరీతంగా ఉన్నాయి. రాత్రిళ్లు దగ్గు, ఆయాసం, ఎక్స్‌రేలో చిన్నచిన్న మచ్చలు. 1943లో వీంగార్టెన్ దీనికి ట్రాపికల్ ఇయోసినోఫిలియా అని పేరు పెట్టారు. బోదకాలు తెచ్చే క్రిమి పిల్లల మీద ఒళ్లు అతిగా తిరగబడటం వల్లే ఇది వస్తుందని తర్వాత తేలింది. దీన్ని నయం చేసే డైఇథైల్ కార్బమజీన్ 1947లో అమెరికాలోని లెడర్లీ సంస్థలో బయటపడింది. ఆ పరిశోధనకు సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆ మరుసటి ఏడే ఆయన కన్నుమూశారు. బోదకాలుతో శతాబ్దాలు బాధపడ్డ గోదావరి జిల్లాల బిడ్డ చేతుల మీదుగానే ఆ మందు రావడం నాకు గర్వంగా ఉంటుంది.

ఆ గర్వం పక్కనే సిగ్గుపడాల్సిన సంగతి కూడా ఉంది. అదే గోదావరి డెల్టా నుంచి, ఏళ్ల తరబడి ఉబ్బసమని పంపు వాడుతూ, లేదంటే టీబీ మాత్రలు కోర్సు మీద కోర్సు మింగుతూ వచ్చిన రోగులను చూశాను. ఒక రక్తపు చుక్క చాలు. ఇయోసినోఫిల్ కణాలు మైక్రోలీటరుకు 3,000 దాటి ఉన్నాయేమో చూస్తే మూడు వారాల మాత్రలతో చాలామందికి దగ్గు తగ్గుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తి మచ్చకట్టి బిగుసుకుపోతుంది, ఆ తర్వాత ఏ మాత్రా దాన్ని విప్పలేదు.

7. కొన్ని ఊపిరితిత్తులను కాపాడాల్సింది వార్డులో కాదు, దుకాణంలో.

తెలంగాణ జిల్లాల్లో పనిచేసిన వైద్యులకు గడ్డిమందు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. పారాక్వాట్. చాలా పురుగుమందులకు అట్రోపిన్ లాంటి ఆసరా ఉంది, దీనికి విరుగుడు లేదు. వాయుకోశాల గోడ కణాలకు పాలిఅమీన్లనే పదార్థాలను లోపలికి తీసుకునే ఏర్పాటుంది. పారాక్వాట్ వాటిని పోలి ఉండటంతో ఆ కణాలే దాన్ని లోపలికి లాక్కుంటాయి. రక్తంలో తగ్గిపోతున్నా ఊపిరితిత్తిలో పోగుపడుతుంది. అక్కడ ఆక్సిజన్ తగిలేకొద్దీ విషం మళ్లీ మళ్లీ రగులుతుంది. అందుకే ఆయాసపడుతున్న మనిషికి ఆక్సిజన్ పెట్టడానికి కూడా వెనకాముందాడాల్సిన దుస్థితి.

రోగి మూత్రంలో డైథయోనైట్ పొడి వేస్తే పరీక్షనాళిక నీలం తిరుగుతుంది. నీలం ఎంత ముదురైతే ఆశ అంత తక్కువ. అదే సమయంలో ఆ మనిషి మంచం మీద కూర్చుని మాట్లాడుతుంటాడు. పెదాలు, నాలుక పుండ్లు పడి ఉన్నా స్పృహ చక్కగా ఉంటుంది. ‘కోపంలో చేశాను సార్, పిల్లలున్నారు, ఎలాగైనా బతికించండి’ అంటాడు. వాళ్లలో చాలామందికి చావాలన్న కోరిక కాదది, ఒక గంట ఆవేశం. చేతికి అందే దూరంలో ఆ సీసా లేకపోతే ఆ గంట గడిచిపోయేది.

మేం యాంటీఆక్సిడెంట్ల మీద ప్రయోగాలు చేశాం, వ్యాసాలు రాశాం. మనిషిలో ఏదీ నిలబడలేదు. శ్రీలంక 2008–2011 మధ్య పారాక్వాట్‌తో పాటు మరి రెండు మందులను దశలవారీగా నిషేధించింది. అక్కడ ఆత్మహత్య మరణాలు తగ్గాయి, పంట దిగుబడి పడిపోలేదు. కేరళ 2011లో నిషేధించింది. తెలంగాణలో యువ వైద్యులు ఇదే కోరుతూ గొంతెత్తారు. ఆ పని మా తరం చేయాల్సింది. లాబొరేటరీ కిటికీలోంచి చూస్తే దుకాణం మా పరిధిలోది కాదనిపించింది. వాళ్ల వెంట నేనూ నడిచాను.

8. డిశ్చార్జి కాగితంతో జబ్బు ముగిసిపోదు.

టొరంటోలో మార్గరెట్ హెరిడ్జ్ ఏఆర్‌డీఎస్ నుంచి బయటపడిన 109 మందిని వెంటాడి చూశారు. 2003లో ఏడాది ఫలితం, 2011లో ఐదేళ్ల ఫలితం ప్రచురించారు. ఏడాదికి ఊపిరితిత్తులు చాలావరకు కోలుకున్నాయి, మనుషులు కోలుకోలేదు. కండ కరిగి, నీరసం వదలక, తిరిగి పనిలో చేరగలిగింది సుమారు సగం మందే. వార్డు తలుపు దాటిన రోగిని మేం ‘బతికాడు’ అన్న గడిలో వేసి మర్చిపోయేవాళ్లం. వెంటిలేటర్ మీంచి బయటపడ్డ ఒక దర్జీ ఆర్నెల్ల తర్వాత వచ్చి, కుట్టుమిషను తొక్కబోతే తొడలు వణుకుతున్నాయని చెప్పేదాకా అతని కాళ్ల గురించి నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. టీబీ నయమైనవాళ్లదీ అంతే. క్రిమి పోయింది గనక మా రిజిస్టరులో వాళ్లు ఆరోగ్యవంతులు. ఇంట్లో బిందె ఎత్తలేని ఆయాసం అలాగే ఉంటుంది.

మీలో ఎవరైనా మన రోగులను ఇలా ఐదేళ్లు వెంబడించి చూడదలిస్తే ఖరీదైన సరంజామా ఏమీ అక్కర్లేదు. ఆరు నిమిషాల నడక పరీక్షకు ముప్పై మీటర్ల వరండా, తిరిగే చోట రెండు కుర్చీలు, ఒక గడియారం, వేలికి పెట్టే ఆక్సిమీటర్, ఒక నోటుబుక్కు చాలు. నడిచిన దూరం రాసుకోండి, పక్కనే పనికి వెళ్తున్నారా లేదా అన్నది రాసుకోండి. రోగి ఫోన్ నంబరుతో పాటు పక్కింటివాళ్ల నంబరు కూడా తీసుకోండి. ఏడాది తిరిగేసరికి మొదటిది మారిపోయి ఉంటుంది.